అరగంట అన్నం వేళ ఎవరి లెక్కలో పోతోంది?

1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో 55వ సెక్షన్ చాలా చిన్నది. ఏ కార్మికుడి చేతా వరసగా ఐదు గంటలకు మించి పని చేయించకూడదు, ఐదు గంటలు నిండేలోపు కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలి. సారాంశం ఇంతే. అన్నం మాట అందులో లేదు, టీ మాట లేదు. అయినా పొద్దున ఎనిమిదింటికి పనిలోకి దిగిన మనిషి ఒంటిగంటలోపు చేతులు కడుక్కుని టిఫిన్ డబ్బా విప్పుకోవడం యజమాని దయ కాకుండా హక్కు అయింది ఆ సెక్షన్‌తోనే. డెబ్బై ఏళ్లకు పైగా ఫ్యాక్టరీ కార్మికుడి భోజన విరామానికి అదే ఆధారంగా నిలిచింది.

2025 నవంబర్ 21న నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. ఫ్యాక్టరీల చట్టంతో కలిపి పదమూడు చట్టాల స్థానంలో వృత్తిపర భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్, 2020 వచ్చింది. రోజుకు ఎనిమిది గంటలు అన్న అంకె ఈ కోడ్‌లో ఉంది. ఐదు గంటలకు అరగంట అన్న అంకె మాత్రం లేదు. మధ్యలో విరామం ఎంత, ఎన్ని గంటలకు ఒకసారి అన్నది ప్రభుత్వం నోటిఫికేషన్ ద్వారా చెబుతుందని 25వ సెక్షన్ అంటుంది. కోడ్‌కు విరుద్ధం కానంతవరకు పాత నిబంధనలు, ఉత్తర్వులు కొత్తవి వచ్చేదాకా నడుస్తాయి కాబట్టి తెల్లారేసరికి ఎవరి అన్నం వేళా పోలేదు. కానీ పార్లమెంటు రాసిన అంకె ప్రభుత్వ ఉత్తర్వు కిందికి వెళ్లిపోయింది. చట్టంలో అంకె మార్చాలంటే సభలో బిల్లు పెట్టాలి, చర్చ జరగాలి, పేపర్లలో రావాలి. ఉత్తర్వు మారడానికి సచివాలయంలో ఒక ఫైలు కదిలితే చాలు. సంఘం పెట్టుకున్న కార్మికులు కొద్దిమందే ఉండే నల్లగొండ, మహబూబ్‌నగర్ లాంటి జిల్లాలకు ఇది చిన్న మార్పు కాదు.

ఆ అరగంట ఊరికే వచ్చిందేమీ కాదు. 1884లో బొంబాయి మిల్లు కార్మికులను నారాయణ్ మేఘాజీ లోఖండే కూడగట్టినప్పుడు ఐదు వేలకు పైగా సంతకాలతో పెట్టిన డిమాండ్లలో ఆదివారం సెలవుతోపాటు మధ్యాహ్నం అరగంట విరామం కూడా ఉంది. అప్పటికి ఉన్న 1881 చట్టం పిల్లలకు మాత్రమే రోజుకు ఒక గంట విశ్రాంతి ఇచ్చింది. పెద్దవాళ్ల ఊసే లేదు. 1891 చట్టంతో పగలు 12కు, 2కు మధ్య అరగంట పని ఆపాలన్న నియమం వచ్చింది, ఆడవాళ్లకు గంటన్నర విశ్రాంతి రాశారు. ఇదంతా బ్రిటిష్ ఇండియా సంగతి. నల్లగొండ, పాలమూరు అప్పుడు నిజాం రాజ్యంలో ఉండేవి, ఆ చట్టాలు ఇక్కడ చెల్లేవి కావు. దొర గడీ ముందు వెట్టికి నిలబడ్డ మనిషికి కూలే లేదు, ఇక అన్నం వేళ ఎక్కడిది? 1946 నుంచి 1951 దాకా ఈ నేల మీద జరిగిన సాయుధ పోరాటానికి వెట్టి ఒక ప్రధాన కారణం. పనికి హద్దు గీయడం ఇక్కడి జనానికి ఎంత ప్రాణప్రదమో ఆ చరిత్రే చెబుతుంది.

1948 తర్వాత ఒక్కో రంగానికీ ఒక్కో చట్టం వచ్చింది. తోటల చట్టం 1951లో, గనుల చట్టం 1952లో, మోటారు రవాణా కార్మికుల చట్టం 1961లో, బీడీ, సిగార్ కార్మికుల చట్టం 1966లో. అన్నింటిలోనూ అదే లెక్క, ఐదు గంటలకు అరగంట, గనుల్లో మాత్రం నేలపైన పనిచేసేవాళ్లకే. సడలింపు కూడా మొదటి నుంచీ ఉంది. లిఖిత ఉత్తర్వు, అందులో కారణాలు ఉంటే ఐదు గంటలను ఆరు దాకా పెంచుకోవచ్చని 55వ సెక్షనే ఒప్పుకుంది. అప్పట్లో అది మినహాయింపు. ఇప్పుడదే మామూలు లెక్క అవుతున్న సూచనలు కనిపిస్తున్నాయి. 2025 జూలై 5న తెలంగాణ ప్రభుత్వం ఇచ్చిన 282వ నంబర్ జీవో చూస్తే ఆ సంగతి అర్థమవుతుంది. దుకాణాలను వదిలి మిగతా వాణిజ్య సంస్థల్లో రోజుకు పది గంటల దాకా పని చేయించుకోవచ్చు, వారానికి 48 గంటలు దాటకూడదు అంది. విరామం దగ్గరికొచ్చేసరికి ఆరు గంటలకు మించి పని చేయించాలంటే మధ్యలో కనీసం అరగంట ఇవ్వాలి అంది. విరామంతో కలిపి రోజు మొత్తం పన్నెండు గంటలు దాటకూడదు. అరగంట అరగంటగానే ఉంది, దాని ముందున్న ఐదు ఆరయింది. ఏసీ గదిలో కుర్చీలో కూర్చున్నవాళ్లకు ఆ గంట పెద్దగా తెలియకపోవచ్చు. అదే ఆరు రేపు ఫ్యాక్టరీల నోటిఫికేషన్‌లోకి వస్తే, పొద్దున ఆరింటి షిఫ్టుకు నాలుగింటికే లేచి ఇంట్లో బయల్దేరిన మనిషి పగలు పన్నెండు దాకా ఖాళీ కడుపుతో నిలబడాల్సి వస్తుంది.

అయితే ఐదా, ఆరా అన్న వాదన దగ్గరే ఆగితే దక్షిణ తెలంగాణలో చాలామంది కార్మికుల సంగతి మనకు అర్థం కాదు. వాళ్లకు ఆ అరగంట ఏ అంకె దగ్గరా అందడం లేదు. ఎందుకో చూడాలంటే మిర్యాలగూడ దాకా పోవాలి.

మిర్యాలగూడ చుట్టూ సాగర్ ఎడమ కాలువ కింద పండే వడ్లను ఉప్పుడు బియ్యం చేసే మిల్లులు వరసగా ఉంటాయి. మిల్లు లోపల బాయిలర్, డ్రయ్యర్ల దగ్గర ఉండేవాళ్లకు నెల జీతమో, షిఫ్టు లెక్కో ఉంటుంది. బయట లారీ దగ్గర ఉండే హమాలీ ముఠాది వేరే లోకం. వాళ్ల కూలి బస్తా లెక్క. లోడింగ్‌కు ఒక రేటు, అన్‌లోడింగ్‌కు ఒక రేటు, నెట్టు వేయడానికి, అంటే బస్తాలు దొంతరగా పేర్చడానికి, ఒక రేటు. వచ్చిన మొత్తాన్ని ముఠాలో ఉన్నవాళ్లంతా సమానంగా పంచుకుంటారు. ఇలాంటి చోట అరగంట కూర్చుంటే యజమానికి పోయేది ఏమీ లేదు, పోయేదంతా ముఠాదే. పైగా ఒక్కడు అన్నానికి లేస్తే మిగతావాళ్ల మీద బరువు పడుతుంది కాబట్టి ఎవరూ ఒంటరిగా లేవరు. సీజన్‌లో మిల్లు గేటు బయట లారీలు బారులు తీరి ఉంటాయి. డ్రైవర్ తొందరపెడుతుంటాడు, గుమస్తా తొందరపెడుతుంటాడు. ఒక లారీ నిండాక ఇంకోటి వెనక్కి తిరిగి ప్లాట్‌ఫారానికి ఆనేలోపు దొరికే పది నిమిషాల్లోనే డబ్బా మూత తీస్తారు. చెమట ఆరదు, ఒంటి మీది తౌడు దుమ్ము దులుపుకునే తీరిక ఉండదు. చట్టం ప్రకారం వాళ్లకు విరామం లేదని చెప్పలేం. ఎవరూ వద్దని కూడా అనలేదు. తీసుకుంటే కూలి తగ్గుతుంది, అంతే.

భోజన విరామ చట్టాలకున్న అసలు లోటు ఇక్కడే ఉంది. గంటల లెక్కన జీతం వచ్చే మనిషిని మనసులో పెట్టుకుని వాటిని రాశారు. పని లెక్కన, బస్తా లెక్కన, కిలో లెక్కన, చీర లెక్కన కూలి వచ్చే మనిషికి విరామాన్ని అమ్ముకోవడం తప్ప వేరే దారి లేకుండా పోయింది. నారాయణపేట, గద్వాల మగ్గాల మీద కూర్చున్నవాళ్లది ఇదే కథ. ఇల్లే పని చోటు, చీర దిగితేనే మజూరీ. పత్తి ఏరే ఆడవాళ్లదీ ఇదే కథ.

పొలం పనికంటూ విరామం రాసిన ప్రత్యేక చట్టం లేకపోయినా ఊరి కట్టుబాటు ఒకటి ఉండేది. కైకిలికి, అంటే కూలికి, పోయినవాళ్లు పొద్దున సద్ది తిని పొద్దు నడినెత్తికి వచ్చాక బువ్వకు గట్టు ఎక్కేవాళ్లు. ఆసామి కూడా దాన్ని కాదనేవాడు కాదు, కాదంటే మర్నాడు మనుషులు వచ్చేవాళ్లు కాదు. పాలమూరులో జొన్నరొట్టె మూట, నల్లగొండ పల్లెల్లో పచ్చిపులుసు బువ్వ గిన్నె, ఏ చెట్టు కింద కూర్చుంటారో ముందే తెలిసినట్టు ఉండేది. నాట్లకు ఎకరాకు ఇంత అని గుత్త పట్టడం పెరిగాక ఆ కట్టుబాటు సన్నబడింది. మధ్యాహ్నానికి ఒక మడి అయిపోతే సాయంత్రానికి ఇంకో ఊళ్లో ఇంకో ఎకరం పట్టుకోవచ్చు. ఆదాయం పెరిగిందన్నది నిజం. గట్టు మీద కూర్చునే సమయం కరిగిందన్నదీ అంతే నిజం.

యంత్రం ఆగని చోట సమస్య ఇంకో రూపంలో వస్తుంది. హుజూర్‌నగర్, మఠంపల్లి, మేళ్లచెరువు, వాడపల్లి వైపు సున్నపురాయి నేలల్లో సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్నాయి. సున్నపురాయిని కాల్చే కొలిమి, అంటే కిల్న్, ఒకసారి వేడెక్కితే రోజుల తరబడి ఆగకుండా తిరుగుతూనే ఉండాలి. సాంకేతిక కారణాల వల్ల ఆపకుండా నడపాల్సిన పనుల్లో ఉన్నవాళ్లకు రాష్ట్ర ప్రభుత్వం 55వ సెక్షన్ నుంచి మినహాయింపు ఇవ్వవచ్చని పాత చట్టంలో 64వ సెక్షన్ చెప్పింది. యంత్రం ఆగకూడదన్నది ఒప్పుకోవాల్సిందే. కానీ మనిషి లేవకూడదని దాని అర్థం కాదు. బదులు నిలబడే మనిషి, రిలీవర్ ఒకడుంటే కిల్న్ తిరుగుతూనే ఉంటుంది, ఆపరేటర్ తినేసి వస్తాడు. రిలీవర్‌ను పెట్టకుండా మిగిల్చిన జీతమే చాలాచోట్ల సాంకేతిక కారణంగా చలామణి అవుతుంది. కంట్రోల్ రూములో తెర మీద ఒక కన్ను, డబ్బాలో ఒక చెయ్యి పెట్టుకుని తిన్నది విరామం ఎలా అవుతుంది? పిలిస్తే లేవాల్సిన స్థితిలో ఉన్నంతసేపూ ఆ మనిషి పనిలో ఉన్నట్టే. 1961 నాటి మోటారు రవాణా చట్టం ఈ విషయంలో చాలా స్పష్టంగా ఉంది. బస్సు టెర్మినల్‌లో పదిహేను నిమిషాల లోపు ఊరికే ఆగి ఉన్న సమయాన్ని కూడా అది పని గంటల్లోనే కలిపింది. జాతీయ రహదారి 65 మీదో 44 మీదో డ్యూటీ చేసే ఆర్టీసీ డ్రైవర్‌కు ఆ వాక్యం విలువ తెలుసు. టికెట్ మిషన్ కూడా తనే పట్టుకునే టిమ్ డ్రైవర్‌కు ఇంకా బాగా తెలుసు, బస్టాండులో బస్సు ఆగిందంటే ఆయనకు టికెట్లు కొట్టే పని మొదలైనట్టు.

సిమెంటు దగ్గరే ఇంకో విచిత్రం ఉంది. ఫ్యాక్టరీకి రాష్ట్ర ప్రభుత్వం నియమాలు పెడుతుంది. దాని పక్కనే సున్నపురాయి తవ్వే గనికి కేంద్రం పెడుతుంది. ఒకే యజమాని, ఒకే దుమ్ము, ఒకే ఎండ. కానీ గనిలో డంపర్ నడిపేవాడి అన్నం వేళ ఢిల్లీలో, ఆ రాయిని పొడి చేసేవాడి అన్నం వేళ హైదరాబాద్‌లో ఖరారవుతుంది. పాత చట్టాల్లో రెండుచోట్లా ఒకే అంకె ఉండేది కాబట్టి ఈ తేడా ఎవరికీ తగల్లేదు. అంకె నోటిఫికేషన్లకు వదిలేశాక అది తగిలే అవకాశం ఉంది.

కూర్చునే చోటు గురించి కోడ్ కొంత మేలే చేసింది, అది చెప్పాలి. పాత చట్టంలో 250 మందికి మించి ఉంటేనే క్యాంటీన్, 150 మందికి మించితేనే భోజనాల గది. కొత్త కోడ్‌లో కాంట్రాక్టు కార్మికులను కలుపుకుని 100 మంది ఉంటే క్యాంటీన్, ఫ్యాక్టరీలో గానీ గనిలో గానీ 50 మందికి మించితే విశ్రాంతి గది, భోజనాల గది. కాగితం మీద ఇది పెద్ద ముందడుగు. పోలేపల్లి, కొత్తూరు, చౌటుప్పల్ వైపు మందుల కంపెనీల్లో, రసాయనాల కంపెనీల్లో ఇది మరీ అవసరం, మందు పొడి చేతులకు అంటుకుని ఉండగా యంత్రం పక్కనే తినడం కంటే పస్తుండటం నయం. కాకపోతే ఇదే కోడ్ ఫ్యాక్టరీ అనిపించుకోవడానికి కావాల్సిన సంఖ్యను కూడా పెంచింది. కరెంటుతో నడిచేవాటికి పదిమంది కాస్తా ఇరవై, కరెంటు లేనివాటికి ఇరవై కాస్తా నలభై అయ్యాయి. పన్నెండు మందో పదిహేను మందో పనిచేసే జిన్నింగ్ మిల్లు, నూనె మిల్లు, పప్పు మిల్లు ఇక ఫ్యాక్టరీ కాదు. పది మంది, అంతకు పైన ఉంటే పని గంటల నియమాలు వర్తిస్తాయి గానీ ఫ్యాక్టరీగా వచ్చే తనిఖీ, పత్రాలు, భయం పోయాయి. చిన్న మిల్లుల్లోనే మనుషులు ఎక్కువసేపు నిలబడతారన్నది ఈ జిల్లాల్లో తిరిగే ఎవరికైనా తెలిసిందే.

నిర్మాణ రంగం గురించి చెప్పకుండా పాలమూరు గురించి మాట్లాడలేం. 1955 డిసెంబర్ 10న నాగార్జునసాగర్‌కు నెహ్రూ శంకుస్థాపన చేశారు. ఆ రాతి ఆనకట్టను నెత్తి మీద తట్టలతో, చేతులతో లేపినవాళ్లలో పాలమూరు లేబర్ ఉన్నారు. గుంపు మేస్త్రి అడ్వాన్సు ఇచ్చి ఊళ్ల నుంచి కుటుంబాలకు కుటుంబాలను తీసుకుపోయే పద్ధతి అది. దేశంలో ఎన్నో ఆనకట్టల దగ్గర, కాలువల దగ్గర ఇదే జరిగింది. నిర్మాణ కార్మికులకంటూ ప్రత్యేక చట్టం 1996లో గానీ రాలేదు. 1998 నాటి కేంద్ర నిబంధనల్లో వాళ్లకూ ఐదు గంటలకు అరగంట అని రాశారు. అంటే సాగర్ కట్టిన తరానికి అందనిది వాళ్ల మనవళ్ల కాలానికి కాగితం మీదికి వచ్చింది. అడ్వాన్సు తీసుకున్న మనిషి మేస్త్రిని ఎదిరించి విరామం అడగగలడా అన్నది అప్పుడూ ఇప్పుడూ ఒకే ప్రశ్న. అప్పు మీద పనికొచ్చినవాడి సమయం అతని చేతిలో ఉండదు.

ఈ మొత్తంలో కార్మికుడి వైపు నుంచి ఆలోచించి రాసినట్టు కనిపించేది 2005 ఉపాధి హామీ చట్టం షెడ్యూలు. ఎనిమిది గంటల పనిదినంలోనే ఒక గంట విశ్రాంతిని కలిపి, అలా చేసిన పనికి పూర్తి కూలి గిట్టేటట్టు రేట్లు కట్టాలని అందులో రాశారు. పని చోట మంచినీళ్లు, నీడ, మందుల పెట్టె ఉండాలని కూడా రాశారు. అదీ కొలత లెక్కన కూలి ఇచ్చే పనే. అయినా విశ్రాంతిని రేటులోనే కలిపారు. హమాలీ రేటు కట్టేటప్పుడు, నాట్ల గుత్త మాట్లాడేటప్పుడు ఎవరూ చేయని పని ఇది. అమలులో నీడ లేని చోట్లు ఎన్నో ఉన్నాయి, కొలతల్లో గొడవలూ ఉన్నాయి. కానీ దారి ఇదే. మే నెలలో 45 డిగ్రీలు దాటే నల్లగొండలో, ఫ్లోరైడ్ నీళ్లకు తరాలు బలైన జిల్లాలో, మంచినీళ్లు, నీడ లేని విరామానికి విలువ లేదు. ఎండ గురించి అరబ్ దేశాలు మనకంటే కచ్చితంగా ఉన్నాయి. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా పగలు 12:30 నుంచి 3 వరకు ఆరుబయట పని చేయించడం నిషేధం.

ఇక విరామం ఇవ్వకపోతే ఏమవుతుంది? పాత చట్టంలో జైలుశిక్ష, లక్ష దాకా జరిమానా ఉండేవి. కొత్త కోడ్‌లో సాధారణ ఉల్లంఘనకు 2 లక్షల నుంచి 3 లక్షల దాకా అపరాధ రుసుము. ఆ డబ్బు ప్రభుత్వానికి పోతుంది. అన్నం మానేసిన మనిషికి అందులో పైసా రాదు. అమెరికాలోని కాలిఫోర్నియాలో ఐదో గంట ముగిసేలోపు అరగంట భోజన విరామం ఇవ్వకపోతే ఆ రోజుకు ఒక గంట జీతం అదనంగా నేరుగా ఆ కార్మికుడికే కట్టాలి. ఫిర్యాదు చేసినవాడికి ఏదో ఒకటి చేతికొచ్చే చోటే ఫిర్యాదులు వస్తాయి.

మన చట్టంలోనూ ఆ దారి పూర్తిగా మూసుకుపోలేదు, దాన్ని వాడుకునేవాళ్లే తక్కువ. రోజుకు 480 రూపాయల కూలి అనుకుందాం. ఎనిమిది గంటల పనికి గంటకు 60 రూపాయలు. పొద్దున 9కి వచ్చి సాయంత్రం 5:30కి వెళ్లే మనిషికి మధ్యలో అరగంట ఇస్తే ఎనిమిది గంటల లెక్క సరిపోయింది. ఇవ్వకపోతే అతను పని చేసింది ఎనిమిదిన్నర గంటలు. ఆ అరగంట ఓవర్‌టైమ్ అవుతుంది, ఓవర్‌టైమ్‌కు రెట్టింపు కూలి. అంటే రోజుకు 60 రూపాయలు, నెలకు 26 రోజులు పనిచేస్తే 1,560 రూపాయలు. పాత చట్టం ప్రకారం చూసినా వారానికి 48 గంటలు దాటాక వచ్చే మూడు గంటలకు ఇదే రెట్టింపు. విరామం ఇచ్చినట్టు మస్టర్‌లో, అంటే హాజరు పుస్తకంలో, రాసి ఇవ్వకపోవడం అంటే నెలనెలా ఆ డబ్బు కార్మికుడి జేబులోంచి పోతున్నట్టు. ఇరవై మంది ఉన్న మిల్లులో అది నెలకు 31,200 రూపాయలు. మర్యాదకో ఆరోగ్యానికో సంబంధించిన విషయంగా కనిపించేది ఇక్కడికొచ్చేసరికి నికరంగా జీతం బాకీగా తేలుతుంది. లేబర్ ఆఫీసులో జీతం బాకీ కింద రాసిస్తే ఆ అర్జీకి ఉండే బలం వేరు.

కాబట్టి తెలంగాణ ఇచ్చే నోటిఫికేషన్‌లో చూడాల్సింది ఐదు గంటల అంకె ఒక్కటే కాదు. అది ఉండాల్సిందే, ఆరుకు జరగడానికి కారణం లేదు. దానితోపాటు పిలిస్తే లేవాల్సిన విరామాన్ని పనిగా లెక్కగట్టాలి. ఆగని యంత్రాల దగ్గర రిలీవర్ పేరు షిఫ్టు చార్టులో ఉండాలి. బస్తా లెక్క, గుత్త లెక్క పనులకు కనీస రేట్లు కట్టేటప్పుడు ఉపాధి హామీలో లాగా విశ్రాంతి గంటను రేటులో కలపాలి. కోడ్ ప్రకారం నిబంధనలకు ముందు ముసాయిదా ప్రచురించి అభ్యంతరాలు తీసుకోవాలి. మిర్యాలగూడ హమాలీ సంఘం గానీ, జడ్చర్ల కంపెనీల్లో కాంట్రాక్టు మీద ఉన్నవాళ్లు గానీ ఒక కాగితం మీద రాసి పంపగలిగింది అప్పుడే, తెలుగులో రాసినా చెల్లుతుంది.